సాత్విక్ అన్న పుట్టిన సీమలో మాకొక కోర్టు కావాలి

కోనసీమ అనగానే కొబ్బరికాయలు, పూతరేకులు అనేవారు. ఇప్పుడు ఎక్కడికి వెళ్ళినా 'సాత్విక్ మీ ఊరివాడే కదా!' అంటున్నారు. ఆ మాట వింటే మాకు ఛాతీ పొంగుతుంది. కానీ సాయంత్రం హాస్టల్ ఆవరణలోకి వస్తే ఆ పొంగు కాస్త తగ్గుతుంది. ఎందుకో పెద్దలకు మనవి చేసుకుంటున్నాం.

సాత్విక్‌సాయిరాజ్ రంకిరెడ్డి 2000లో అమలాపురంలో పుట్టారు. తండ్రి వ్యాయామ ఉపాధ్యాయులు. 2014లో హైదరాబాదులోని గోపీచంద్ అకాడమీలో చేరారు. 2016లో మలేసియా కోచ్ టాన్ కిమ్ హెర్ ఆయనను ముంబయి కుర్రాడు చిరాగ్ శెట్టితో జత కలిపారు. 2022లో థామస్ కప్ గెలిచిన జట్టులో వీరిద్దరూ ఉన్నారు. 2023లో హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో స్వర్ణం గెలిచి, ప్రపంచంలో మొదటి ర్యాంకుకు చేరారు. ఆ ఏడే సాత్విక్ కొట్టిన 565 కిలోమీటర్ల వేగపు స్మాష్ గిన్నిస్ పుస్తకంలోకి ఎక్కింది.

ఓటములూ ఉన్నాయి. టోక్యో ఒలింపిక్స్‌లో మూడు ఆటల్లో రెండు గెలిచి, చివరకు స్వర్ణం పొందిన జంటనే ఓడించి కూడా ముందుకు పోలేకపోయారు. పారిస్‌లో క్వార్టర్ ఫైనల్లో ఆగిపోయారు. 2025 ఫిబ్రవరిలో తండ్రి కాలం చేశారు. ఆ ఆగస్టులోనే ప్రపంచ పోటీల్లో కాంస్యం తెచ్చారు. పడి లేవడం అంటే ఏమిటో మాకు అక్కడ తెలిసింది.

ఇక మా సంగతి. మాకు రెండు బ్యాట్లున్నాయి, ఒకదానికి తీగలు తెగాయి. నెట్ బదులు తాడు కడతాం. సాయంత్రం సముద్రపు గాలికి కాక్ కొబ్బరిచెట్ల వైపు పోతుంది. ఆరో తరగతి తమ్ముళ్ళు వంతు కోసం నిలబడి ఉండగానే చదువు గంట కొడతారు. కిందటేడు మాలో ఒకడు మండల పోటీకి వెళ్ళి సర్వీసులు తప్పి ఓడి వచ్చాడు. ఆట రాక కాదు, గీతలు గీసిన కోర్టు మీద వాడు నిలబడింది అదే మొదటిసారి.

'ఆటలాడితే పదో తరగతి పోతుంది' అని కొందరంటారు. ఆ భయం మాకూ ఉంది. చదువు మానేస్తామని మేం అనడం లేదు. రోజుకు ఒక్క గంట అడుగుతున్నాం. మా నాన్నలు కొబ్బరి దింపు కూలీలు, పొలం కూలీలు. బ్యాట్ పట్టడం నేర్పే తండ్రి ఇంట్లో లేని పిల్లలకు ఆ పని హాస్టలే చెయ్యాలి.

చైనాలో డింగ్ జున్‌హుయ్ 18 ఏళ్ళకే 2005లో చైనా ఓపెన్ స్నూకర్ గెలిచాడు. తరువాత అక్కడ క్లబ్బులు, అకాడమీలు పెరిగాయి. 2025లో జావో షిన్‌టాంగ్ ప్రపంచ విజేత అయ్యాడు. ఒకడి గెలుపు పదిమందిదవ్వాలంటే చప్పట్లు చాలవు, ఆడుకునే చోటు కావాలి.

అందుకే వార్షికోత్సవానికి వచ్చిన పెద్దలకు, పూర్వ విద్యార్థులకు మా విన్నపం: చదును చేసిన కొంచెం నేల, సున్నంతో గీతలు, ఒక నెట్, నాలుగు బ్యాట్లు, వారానికి రెండు రోజులు నేర్పే మాస్టారు. అక్కల హాస్టల్‌కూ అంతే. మాలో అందరం సాత్విక్‌లం కాలేం. కానీ ఎవరు కాగలరో తెలియాలంటే ముందు అందరం ఆడాలి కదా!