మాస్కు కూర్చుని కొనకండి, పడుకుని కొనండి

దోమలగూడలో మా అద్దెగదికి వచ్చిన సీపాప్ మిషన్ వారానికే అటకెక్కింది. వెల్లకిలా పడుకుంటే నాలుక వెనక్కి జారి ఊపిరాడదు కదా అని పక్కకి తిరిగితే, దిండు మాస్కుని నెట్టేసి గాలి కళ్ళలోకి కొట్టేది. పట్టీలు బిగిస్తే ముక్కు మీద పుండు.

తప్పు నాదే అనుకున్నా. కాదండీ! కొట్లో కుర్చీలో కూర్చోబెట్టి మాస్కు తొడిగారు. కుర్చీలో ఎవరు నిద్రపోతారు? (ఆఫీసు మీటింగులు మినహాయింపు.) మిషన్ ఆన్ చేసి, పక్కకి పడుకోబెట్టి చూశాకే అమ్మాలి.

చివరికి ముక్కు రంధ్రాల దగ్గర ఆనే చిన్న మాస్కు, తలపై నుంచి వచ్చే గొట్టం నాకు కుదిరాయి. నోటితో పీల్చేవాళ్ళకి వేరే రకం కావాలి.

'గ్యాంగ్ లీడర్'కి పాటలు కట్టిన బప్పీలహరి 2022లో పోయింది ఈ జబ్బుతోనే అన్నారు డాక్టర్లు. గురక జోకు కాదు. మీ మిషనూ అటకమీదుంటే, ఇవాళే దించండి.