స్మార్ట్ మిర్రర్ ఆన్ అవ్వట్లేదా? మెమరీ కార్డు పీకే ముందు అడాప్టర్ చూడండి

ఇంట్లో తయారు చేసుకున్న స్మార్ట్ మిర్రర్ బూట్ అవ్వకపోతే చాలామంది చేసే మొదటి పని, మెమరీ కార్డు పీకి ఆపరేటింగ్ సిస్టమ్ మళ్లీ ఎక్కించడం. నన్నడిగితే అది చిట్టచివర చేయాల్సిన పని. తెలిసినవాళ్లు "కొంచెం చూసిపెట్టు బ్రో" అని నా దగ్గరికి తెచ్చిన అద్దాల్లో ఎక్కువ వాటికి సమస్య సాఫ్ట్‌వేర్‌లో లేదు. డ్రాయర్‌లోంచి తీసి తగిలించిన పాత ఫోన్ ఛార్జర్‌లో ఉంది.

కొత్తవాళ్ల కోసం ఒక్క మాట. ఒక మానిటర్, దాని ముందు టూ-వే మిర్రర్ గాజు, వెనక రాస్ప్‌బెర్రీ పై బోర్డు, అందులో మ్యాజిక్‌మిర్రర్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్. నెదర్లాండ్స్‌కి చెందిన మైఖేల్ టీయూ 2014లో మొదలుపెట్టిన ప్రాజెక్టు ఇది. నల్ల తెర మీద తెల్ల అక్షరాల్లో టైమ్, వాతావరణం, క్యాలెండర్ వస్తాయి, మిగతా చోటంతా మన ముఖం కనిపిస్తుంది.

అసలు తిప్పలు ఆ నలుపుతోనే. అద్దంలో ఏమీ లేకపోతే తెర ఆఫ్‌లో ఉందా, ఆన్‌లోనే ఉండి నల్లగా ఉందా అన్నది పగటి వెలుతురులో తేల్చలేం. గదిలో లైట్లు ఆర్పి చూడండి. ఎల్‌సీడీ ఆన్‌లో ఉంటే గాజు వెనక మసక వెలుతురు తెలిసిపోతుంది. అది కనిపిస్తే ప్రోగ్రాం వైపు వెతకాలి, కనిపించకపోతే కరెంటు, కేబుల్ వైపు. ఈ ఒక్క నిమిషం పనితో సగం వెతుకులాట తగ్గుతుంది.

ఇక కరెంటు. "నా ఛార్జర్ 33 వాట్స్, అది చాలదా?" అని అందరూ అడుగుతారు. చాలకపోవచ్చు. చాలా ఫాస్ట్ ఛార్జర్లు వోల్టేజ్ పెంచి ఆ వాట్స్ ఇస్తాయి, పై బోర్డుకి కావాల్సింది మాత్రం 5 వోల్టులే. పై 3కి 2.5 ఆంప్స్, పై 4కి 3 ఆంప్స్, పై 5కి 5 ఆంప్స్ ఇచ్చే అడాప్టర్ వాడమంటారు. మీ ఛార్జర్ మీద చిన్న అక్షరాల్లో 5 వోల్టుల దగ్గర ఎన్ని ఆంప్స్ అని ఉందో చదవండి. 2 అని ఉంటే అక్కడితో ఆగి అడాప్టర్ మార్చండి. ఫ్రేమ్ చుట్టూ తిప్పి తెచ్చిన పొడవాటి సన్న కేబుల్ కూడా వోల్టేజ్ తినేస్తుంది. బోర్డు దగ్గర అది సుమారు 4.63 కంటే పడిపోతే మెరుపు గుర్తో, లో వోల్టేజ్ హెచ్చరికో వస్తుంది. కనిపించలేదంటే టెర్మినల్‌లో 'వీసీజెన్‌సీఎండీ గెట్ థ్రాటిల్డ్' కమాండ్ కొట్టండి. ఎక్స్ తర్వాత ఒక్క సున్నా మాత్రమే ఉంటే ఓకే. 50000 వస్తే ఆన్ చేశాక ఎప్పుడో వోల్టేజ్ పడిందని అర్థం.

పై 4 అయితే మానిటర్ కేబుల్ పవర్ సాకెట్ పక్కనున్న పోర్టులోనే పెట్టండి. బోర్డు కన్నా మానిటర్ ఆలస్యంగా ఆన్ అయినా తెర రాకపోవచ్చు. ముందు మానిటర్, తర్వాత బోర్డు ఆన్ చేసి చూస్తే తెలిసిపోతుంది. బోర్డు మీది పచ్చ లైటు ఏడుసార్లు వెలిగి ఆగుతూ అదే రిపీట్ చేస్తుంటే కెర్నల్ ఫైల్ దొరకలేదని, నాలుగుసార్లయితే స్టార్ట్ ఫైల్ దొరకలేదని. అప్పుడు కార్డు మీద అనుమానపడండి, తప్పులేదు.

వెలుతురు ఉండి కూడా అద్దం ఖాళీగా ఉంటే చాలాసార్లు కాన్ఫిగ్ ఫైల్‌లో ఒక కామా తక్కువై ఉంటుంది. మ్యాజిక్‌మిర్రర్‌లోనే కాన్ఫిగ్ చెక్ కమాండ్ ఉంది, తప్పు ఏ లైన్‌లో ఉందో చెబుతుంది. చేత్తో స్టార్ట్ చేస్తే వస్తూ, రీబూట్ చేస్తే రాకపోతే పీఎం2లో 'స్టార్టప్', 'సేవ్' రెండూ చేశారో లేదో చూడండి. మొదటిది చేసి రెండోది వదిలేసినవాళ్లు చాలామంది.

యూట్యూబ్ వీడియోల మీద నా కంప్లైంట్ ఇక్కడే. అద్దం మొదటిసారి వెలగ్గానే మ్యూజిక్ వేసి వీడియో ముగిస్తారు. మన ఊళ్లలో కరెంటు పోయి వచ్చాక ఏమవుతుందో ఎవరూ చూపించరు. పై 4, అంతకుముందు బోర్డుల్లో బ్యాటరీతో నడిచే గడియారం లేదు. ఆఖరున సేవ్ అయిన టైమ్ నుంచే మళ్లీ మొదలుపెట్టి, నెట్ వచ్చాక సరిచేసుకుంటుంది. రౌటర్ లేవకపోతే? మా ఇంట్లో ఒక రాత్రి అమ్మ పిలిచి, "ఒరేయ్, టీవీలో తొమ్మిదింటి వార్తలు వస్తున్నాయి, అద్దంలో ఇంకా ఏడున్నరేంట్రా?" అంది. ఆవిడ బీపీ మాత్రల రిమైండర్ ఆ అద్దంలోనే ఉంటుంది. అద్దం నల్లగా ఉంటే ఆవిడ గోడ గడియారం చూసుకునేది. తప్పు టైమ్ చూపిస్తే దాన్నే నమ్ముతుంది. అందుకే పెద్దవాళ్లున్న ఇంట్లో డీఎస్3231 ఆర్‌టీసీ మాడ్యూల్ తప్పనిసరి అంటాను. పై 5లో గడియారం బోర్డు మీదే ఉంది కానీ బ్యాటరీ విడిగా కొనాలి.

ప్లగ్ పీకి పెడితే పదిసార్లకి పదిసార్లూ దానంతటదే లేచి కూర్చోని అద్దాన్ని గోడకి ఎక్కించకూడదు. మీరు ఆఫీసులో ఉన్నప్పుడు ఇంట్లోవాళ్లు దానికి కీబోర్డ్ తగిలించలేరు. ఈ టెస్ట్‌లో కార్డు పాడవకుండా ముందు రాస్పీ-కాన్ఫిగ్‌లో ఓవర్‌లే ఫైల్ సిస్టమ్ ఆన్ చేయండి, కార్డు మీద రాయడం ఆగిపోతుంది. సెట్టింగ్ మార్చాలన్నప్పుడల్లా దాన్ని ఆఫ్ చేయాలి, అది కాస్త విసుగే. అలాగే ఫ్రేమ్ వెనక చెక్కని ఫెవికాల్‌తో అతికించకండి, నాలుగు స్క్రూలు చాలు. పనిచేస్తున్న కార్డుకి ఒక కాపీ తీసి ఆ చెక్క లోపలివైపే టేపుతో అంటించి ఉంచండి.