చిరివేరు ఎవరిది?

కలంకారీ తెలుగువాళ్ల కళ అంటారు. కాదని మేమెప్పుడూ అనలేదు. మరి ‘కలం’ ఎక్కడిది, ‘కారీ’ ఎక్కడిది? ఒకటి అరబ్బీ, ఇంకోటి ఫారసీ. శ్రీకాళహస్తిలో రామాయణం బొమ్మలు వేసే గుడ్డకి కూడా అదే పేరు. మాట మీ ఇంట్లో మనిషైపోయింది. ఆ మాట మాట్లాడినవాళ్ల పిల్లల్ని మాత్రం ‘మీరెక్కణ్ణుంచి వచ్చారు’ అని అడుగుతారు.

మచిలీపట్నం, పెడన అద్దకాల్లో దేవుళ్లు తక్కువ, పువ్వులూ తీగలూ ఎక్కువ. కుతుబ్‌షాహీల కాలంలో బందరు గోల్కొండ రాజ్యపు రేవు. అక్కణ్ణుంచి ఇరాన్‌కు గుడ్డ పోయేది. కొనేవాళ్ల కంటికి నచ్చిన సైప్రస్ చెట్టూ, వంపు తిరిగిన బూటాలూ ఇక్కడి అచ్చుల్లోకి అలా వచ్చాయి. ఎరుపు మాత్రం మన చిరివేరుది. ఇసక నేలలో మొలిచే చిన్న మొక్క అది. కరక్కాయ, గేదెపాలల్లో నానబెట్టిన గుడ్డ మీద పటిక అద్ది, ఆ వేరుతో ఉడకబెడితే పటిక పడ్డచోటే ఎరుపు పట్టుకుంటుంది. నలుపుకి తుప్పు ఇనుమూ బెల్లమూ, నీలానికి నీలిమొక్క. 1611లో బందర్లో దిగిన ఇంగ్లీషు కంపెనీకి కావలసింది ఈ తీరపు గుడ్డలే. ఇవిచ్చి తూర్పు దీవుల్లో సుగంధద్రవ్యాలు కొన్నారు. పువ్వుల గుడ్డల మోజు యూరప్‌లో ఎంత ముదిరిందంటే, 1686లో ఫ్రాన్సు, 1700లోనూ 1721లోనూ ఇంగ్లండు చట్టాలు చేసి మరీ అడ్డుకున్నాయి.

ఆ ఎర్రపువ్వు ఇరాన్‌దా, ఆంధ్రాదా? తేల్చాలంటే గుడ్డ చింపాలి.

సెక్యులర్ మిత్రులు ఎగ్జిబిషన్లలో ‘పర్షియన్ డిజైన్’ అని మురిసిపోతారు. పర్షియన్ అంటే తీపి, ముసల్మాన్ అంటే చేదు! మాలోనూ ఉన్నారు, ఇదంతా సుల్తానుల ఘనతని మీసం మెలేసేవాళ్లు. సుల్తానులు చిరివేరు తవ్వారా? కాలవ నీళ్లలో నడుం వంచి గుడ్డ జాడించారా? ఆ పని చేసినవాళ్ల పేర్లు ఏ చరిత్రలోనూ లేవు. 1869లో రసాయనపు అలిజరిన్ బజారుకొచ్చాక మెల్లమెల్లగా వాళ్ల పనీ పోయింది. మేం వారసులమంటే వాళ్లకే. దూదేకులవాడికి గోల్కొండ కోట చూపించి గర్వపడమంటే ఎట్లా?

2022లో కోస్తా కర్ణాటకలో గుడి జాతరల్లో ముస్లింల అంగళ్లు వద్దన్నారు. గులాబీ కూడా ఫారసీ మాటే. గుల్ అంటే పువ్వు, ఆబ్ అంటే నీళ్లు. దేవుడి దండలోంచి దాన్నెవరూ ఏరి పారెయ్యలేదు, పారెయ్యమని మేమూ అడగం. జాతరలో అంగడి పెట్టుకుని బతికే మనిషిని ఎందుకు ఏరి పారేస్తున్నారు? అది చెప్పమంటున్నాం.