చిటికి మనది, పట్టా ఎవరిది?

పుట్టపాక దిక్కు ఒక చేనేత ఇల్లు. బిడ్డ బీఎస్సీ పాసైంది. ముందేం చదువుతావమ్మా అంటే, "ఫ్యాషన్ డిజైన్‌ల పీజీ చేస్త" అన్నది. మగ్గం గుంటలో కూచున్న నాయిన నవ్విండు. "బట్టలు కుట్టుడుకు పీజీ ఎందుకే? మీ మేనత్త ఏ పీజీ చేసిందని ఊరందరి జాకెట్లు కుడుతున్నది?" అన్నడు. ఇంట్లో అందరూ నవ్వారు. ఆ పిల్ల మాత్రం నవ్వలేదు.

ఆ నాయినది తప్పని మేం అనం. ఆయనకు తెలిసిన ఫ్యాషన్ టీవీలో లైట్ల కింద నడిచేది. ఆ బట్టలు ఎవరూ కట్టుకోరు, కట్టుకుని పొలం పోరు, ఆఫీసుకు పోరు. కానీ ఆయన మగ్గం మీదున్న బట్టకూ ఆ చదువుకూ ఉన్న సంబంధాన్ని ఆయనకు ఎవరూ చెప్పలేదు. చెప్పాల్సిన వాళ్లం మనమే. ఇంజనీరింగ్ కాలేజీల పేర్లు ఒక్క గుక్కలో అప్పజెప్పే ఉద్యోగ మిత్రులు, గ్రూప్స్ నోటిఫికేషన్ కోసం ఏండ్ల తరబడి లైబ్రరీల్లో కూచునే విద్యార్థి మిత్రులు ఈ చదువు గురించి ఎన్నడైనా మాట్లాడుకున్నారా?

అసలు ఫ్యాషన్ డిజైన్ పీజీ అంటే ఏమిటి? కుట్టు మిషన్ నేర్పేది కాదు. బట్ట ఎట్లా పుడుతుంది, ఒంటి మీద ఎట్లా నిలుస్తుంది, ఎవరు కొంటారు, ఎందుకు కొంటారు, ఆ ధరలో ఎవరి వాటా ఎంత అన్న ప్రశ్నలను రెండేండ్లు తవ్వే చదువు. డిగ్రీలో కటింగ్, కుట్టు, బొమ్మ గీయడం నేర్పిస్తారు. పీజీలో విద్యార్థి తనంతట తాను ఒక సమస్యను ఎంచుకుని, పరిశోధించి, పరిష్కారం చేసి చూపాలి.

డిజైన్ అంటే సోకు అనుకునే వాళ్లకు ఒక్క పేరు చాలు: చింతకింది మల్లేశం. ఒక్క చీరకు ఆసు పోయాలంటే చెయ్యి వేల సార్లు అటూ ఇటూ ఆడాలి. ఆ పనితో తల్లి భుజం పడే నొప్పిని చూడలేక ఆయన ఆసు యంత్రం తయారు చేశాడు. తల్లి పేరే దానికి పెట్టాడు. బడి చదువు మధ్యలోనే ఆగిన ఆ మనిషికి 2017లో పద్మశ్రీ వచ్చింది. నొప్పిని చూసి, కొలిచి, దాన్ని తీసే దారి వెతకడమే డిజైన్. పుట్టపాకకే చెందిన గజం గోవర్ధనకు 2011లో, గజం అంజయ్యకు 2013లో పద్మశ్రీ వచ్చింది. ఏ డిజైన్ కాలేజీ పట్టా చూసి ఇచ్చారు? చేతిలోని విద్యను చూసి ఇచ్చారు. విద్య మన చేతుల్లోనే ఉంది. పట్టా మాత్రం ఎక్కడో ఉంది.

ఆ పట్టాకు దారి ఎట్లా ఉందో చూద్దాం. కేంద్ర జౌళి శాఖ కింద 1986లో ఢిల్లీలో నిఫ్ట్ మొదలైంది. హైదరాబాద్ క్యాంపస్ 1995లో వచ్చింది. మాదాపూర్‌లో హైటెక్ సిటీకి ఎదురుగానే ఉంది. ఆ గేటు ముందు నుంచి రోజూ బస్సులో పోయే వాళ్లలో ఎంతమందికి తెలుసు, ఏ డిగ్రీ చదివిన వాళ్లైనా అక్కడి మాస్టర్ ఆఫ్ డిజైన్‌కు, మాస్టర్ ఆఫ్ ఫ్యాషన్ మేనేజ్‌మెంట్‌కు దరఖాస్తు పెట్టుకోవచ్చునని? బీఏ అయినా, బీకాం అయినా, బీఎస్సీ అయినా సరే. వయసు పరిమితి కూడా లేదు. ఫ్యాషన్ టెక్నాలజీ పీజీకి మాత్రం బీటెక్ గానీ, నిఫ్ట్ వారి టెక్నాలజీ డిగ్రీ గానీ కావాలి. ఏ క్యాంపస్‌లో ఏ కోర్సు ఉందో ప్రకటన చూసి తెలుసుకోవాలి. ఇక కంది దగ్గరి ఐఐటీ హైదరాబాద్‌లో ఎండిజైన్ ఉంది. దానికి ఐఐటీ బొంబాయి నిర్వహించే సీడ్ పరీక్ష రాయాలి. హోంసైన్స్ చదివిన వాళ్లకు సైఫాబాద్ కాలేజీలో వస్త్రాల మీద ఎమ్మెస్సీ ఉంది. అంటే తలుపులు లేవని కాదు, తలుపులున్నాయని మన ఊళ్లకు కబురు చేరలేదు.

కబురు చేరినా గడప ఎత్తుగానే ఉంది. మొదటి గడప భాష. నిఫ్ట్ ప్రవేశ పరీక్షను 2024 నుంచి నేషనల్ టెస్టింగ్ ఏజెన్సీ నడుపుతున్నది. ప్రశ్నలు ఇంగ్లిష్, హిందీలలోనే వస్తాయి. ఇదే ఏజెన్సీ డాక్టర్ల పరీక్ష నీట్‌ను తెలుగులో పెడుతుంది. ఇంజనీర్ల పరీక్ష జేఈఈ మెయిన్‌ను 2021 నుంచి తెలుగులో పెడుతుంది. గుండె కోసే చదువుకు పనికొచ్చిన తెలుగు, గుడ్డ కోసే చదువుకు పనికిరాదా? లోపల పాఠాలన్నీ ఇంగ్లిష్‌లోనే కదా అని కొందరు అంటారు. నిజమే. ఎంబీబీఎస్ పాఠాలూ ఇంగ్లిష్‌లోనే ఉంటాయి. భాషను రెండేండ్లలో నేర్పవచ్చు. చూపు, చెయ్యి, రంగుల మీద పట్టు ఉన్నాయా అన్నది కదా ఈ పరీక్ష తేల్చాల్సింది! బొమ్మ గీయమని అడిగే ప్రశ్నే అర్థం కాకపోతే గీసే చెయ్యి ఏం చేస్తుంది?

రెండో గడప పైసలు. రెండేండ్ల ఫీజు లక్షల్లో ఉంటుంది. పైగా హాస్టలు, బట్ట, రంగులు, కంప్యూటరు. చీర దిగితే గానీ కూలి చేతికి రాని ఇంటికి ఇది కొండంత. మూడో గడప మోసం. పట్నంలో గల్లీకో బోర్డు: 'పీజీ డిప్లొమా ఇన్ ఫ్యాషన్ డిజైన్, నూటికి నూరు శాతం ప్లేస్‌మెంట్'. డిగ్రీ ఇచ్చే అధికారం చట్టం ఇవ్వాలి, బోర్డు ఇవ్వదు. నిఫ్ట్‌కే ఆ అధికారం 2006 చట్టంతో వచ్చింది. అంతకు ముందు అదీ డిప్లొమాలే ఇచ్చేది. అహ్మదాబాద్‌లో 1961లో పుట్టిన ఎన్ఐడీ కూడా 2014 చట్టం దాకా డిప్లొమాలతోనే నడిచింది. అందుకని తల్లిదండ్రులారా, అడ్వాన్స్ కట్టే ముందు ఒక్క ప్రశ్న అడగండి: పట్టా మీద సంతకం ఏ యూనివర్సిటీది? జవాబు నసిగితే లేచి వచ్చేయండి.

ఇక అసలు సంగతికి వద్దాం. మనోళ్లు చిటికి అంటరు, బజారు ఇక్కత్ అంటది. నేయక ముందే నూలును లెక్క ప్రకారం కట్టి, రంగులో ముంచి, విప్పి, మళ్లీ కట్టి, పడుగూ పేకా మగ్గం మీద కలిసినప్పుడు పువ్వు విచ్చుకునేట్టు చేసే విద్య. పోచంపల్లి ఇక్కత్‌కు 2005లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. పుట్టపాక తేలియా రుమాలుకు 2020లో వచ్చింది. ఆముదపు కాయల బూడిదలో, నూనెలో నూలును దినాల తరబడి నానబెట్టే ఆ రుమాలు ఒకప్పుడు అరబ్బు దేశాల దాకా పోయింది. ఎండలో తలకు చలువ చేస్తుందని అక్కడి వాళ్లు చుట్టుకునే వారు. ఇది ఏ సైన్సుకు తక్కువ? ఏ పీజీ సిద్ధాంత వ్యాసానికి తక్కువ?

డిజైన్ విద్యార్థులు చదువులో భాగంగా మన చేనేత ఊళ్లకు వస్తారు. మంచిదే. ఫొటోలు తీసుకుంటారు, గ్రాఫ్ కాగితాలు చూస్తారు, అడిగిన దానికల్లా మన పెద్దమనుషులు ఓపికగా జవాబు చెప్తారు. విద్యార్థికి మార్కులు వస్తాయి. తర్వాత కొలువు వస్తుంది. చెప్పిన మనిషికి ఏమొస్తుంది? రిపోర్టు చివర 'సహకరించిన నేత కార్మికులకు కృతజ్ఞతలు' అన్న ఒక్క వాక్యం. ఆ పిల్లల మీద మాకు కోపం లేదు. వాళ్లలో నేతగాళ్ల కోసం నిజంగా పని చేసేవాళ్లూ ఉన్నారు. మా కొట్లాట పద్ధతితోనే. అడిగేవాళ్లు ఎప్పుడూ బయటి నుంచే ఎందుకు రావాలి? చెప్పేవాళ్ల బిడ్డలు ఆ తరగతి గదిలో ఎందుకు ఉండకూడదు?

ఉంటే ఏమవుతుందో ఆలోచించండి. మిషన్ మీద అచ్చేసిన నకిలీ పోచంపల్లి ఇవ్వాళ బజారు నిండా ఉంది. అసలు చిటికికి పూవు అంచు కొంచెం పొగమంచులా చెదురుతుంది, రంగు రెండు దిక్కులా ఒక్క తీరుగా ఉంటుంది. అచ్చుబట్టకు వెనక దిక్కు వెలిసిపోయి ఉంటుంది. ఈ తేడాను కొనేవాళ్లకు చెప్పి, తన పేరుతో తానే అమ్ముకునే మనిషి ఊళ్లో ఉంటే బేరం తీరు మారుతుంది. సిరిసిల్లను చూడండి. 2017లో మొదలైన బతుకమ్మ చీరల ఆర్డర్ మరమగ్గాలకు పని ఇచ్చింది. ఆర్డర్ ఆగిన నాడు పని ఆగింది. కొనేది సర్కారు ఒక్కటే అయితే బతుకు టెండర్‌కు వేలాడుతుంది. వరంగల్ పక్కన కాకతీయ మెగా టెక్స్‌టైల్ పార్కుకు అదే 2017లో శంకుస్థాపన జరిగింది. అక్కడ కుట్టే చేతులు మనవైతే చాలునా? గీసే చేతులు, ధర కట్టే చేతులు ఎవరివి?

చదివిన బిడ్డ మగ్గం ఎక్కుతుందా అని అడుగుతారు. కొందరు ఎక్కరు. దాచాల్సిన పని లేదు. కానీ చదవని బిడ్డలు మాత్రం ఎక్కుతున్నారా? గిట్టుబాటు లేని మగ్గాన్ని ఎవరైనా దిగుతారు. గిట్టుబాటు నేతలో ఒక్కదానిలోనే లేదు, డిజైన్‌లో, అమ్మకంలో ఉంది. ఆ రెండూ మన చేతికి రాకపోతే మగ్గం మ్యూజియంలో మిగులుతుంది.

నియామకాలు అంటే సర్కారు కొలువులే అనుకున్న తరం మనది. రాష్ట్రం వచ్చింది 2014లో. కొలువు అనే మాటకు అర్థం పెంచుకోవాల్సిన బాధ్యత ఇప్పుడు మన మీదే ఉంది. అందుకే అడుగుతున్నాం. నిఫ్ట్ ప్రవేశ పరీక్షను తెలుగులోనూ పెట్టాలి. బీసీ, ఎస్సీ, ఎస్టీ స్టడీ సర్కిళ్లలో డిజైన్ పరీక్షలకు ఒక బ్యాచ్ నడపాలి. చేనేత కుటుంబాల పిల్లలకు పీజీ ఫీజు మొత్తం సర్కారే కడతానని ముందే మాట ఇవ్వాలి. 2024లో కొండా లక్ష్మణ్ బాపూజీ పేరుతో మొదలైన చేనేత సాంకేతిక సంస్థ డిప్లొమా దగ్గర ఆగిపోకుండా డిగ్రీ, పీజీ దాకా మెట్లు కట్టాలి. మంత్రి పదవిని వదులుకున్న ఆ పద్మశాలి బిడ్డ పేరుకు అదే అసలు గౌరవం. కాలేజీలు మన నేత పెద్దలను వేదిక మీద శాలువాతో కాదు, తరగతిలో జీతంతో కూచోబెట్టాలి.

పుట్టపాక దిక్కు ఆ పిల్ల దరఖాస్తు పెట్టిందో లేదో మాకు తెలియదు. మేం లేచి వస్తుంటే నాయిన మాత్రం నవ్వు ఆపి ఒక మాట అడిగిండు: "ఆ పరీక్షల చిటికి గురించి అడుగుతరా?" అడిగే రోజు రావాలి. ఆ ప్రశ్నపత్రం తయారు చేసే బల్ల దగ్గర ఆయన బిడ్డ కూచునే రోజు కూడా రావాలి.