కుంపటికీ వూపిరి కావాలి

చలి అంటే మనకేం తెలుసు చెప్పండి! సంక్రాంతి ముందు నాలుగు రోజులు ముసుగుతన్ని పడుకుని, భోగిమంట దగ్గర అరచేతులు కాచుకుంటే అదే మనకు హిమాలయం. లేహ్‌లో కాపురముంటున్న మా చెల్లెలి కూతురు, "పెద్దమ్మా, వేసవిలో అందరూ వస్తారు. చలికాలంలో వచ్చి చూడు" అని ఫోనులో సవాలు చేస్తే, పౌరుషానికి పోయి జనవరిలో విమానం ఎక్కాను.

లేహ్ సుమారు 11,500 అడుగుల ఎత్తున వుంది. నేను వెళ్ళిన రాత్రి చలి సున్నాకు 17 డిగ్రీలు దిగువకు పోయింది. అక్కడ గాలి పీడనం మన సముద్రతీరంలో వున్నదానికి మూడింట రెండు వంతులు మాత్రమే. నీళ్ళు 88 డిగ్రీలకే మరుగుతాయి. కుక్కరు లేకపోతే కందిపప్పు ఎంతసేపు పొయ్యిమీద వున్నా గింజ గింజగానే మన ముఖం చూస్తూ వుంటుంది. కొత్తగా వెళ్ళినవాళ్ళకు తలనొప్పి, డోకు, నిద్రపట్టకపోవటం మామూలే. రెండు రోజులు కదలకుండా పడుకోమన్నారు, పడుకున్నాను. మూడోనాటికి తేరుకున్నాను.

గదిని వెచ్చబెట్టేదాన్ని అక్కడ బుఖారీ అంటారు. నిలబెట్టిన యినప పీపా అనుకోండి. కట్టెలూ పిడకలూ వేసేవి కొన్ని. మా అమ్మాయి యింట్లోది కిరసనాయిలుది. డబ్బాలోంచి సన్నని గొట్టం గుండా నూనె బొట్టు బొట్టుగా పడి కాలుతుంది, పొగ యినప గొట్టంలోంచి యింటిపైకి పోతుంది. చలికాలం మొదట్లో ఒక మనిషి వచ్చి బిగించి, కుళాయి బాగా తిప్పి, "యిక మీకు చలే వుండదు" అని వెళ్ళాడట.

నాలుగో రాత్రి తలుపు కిందనుంచి సన్నగా గాలి కొడుతోందని, నా పాత నేతచీర ముక్క ఒకటి మడిచి ఆ సందులో దోపాను. కిటికీ సందుల్లో అమ్మాయి అప్పటికే కాగితాలు కుక్కి వుంచింది. అల్లుడు కాంపు వెళ్ళాడు. బుఖారీ ఆర్పకుండా నేనూ, అమ్మాయీ, ఆరేళ్ళ మనవడూ హాయిగా పడుకున్నాం.

తెల్లవారి లేవబోతే తల పగిలిపోతోంది. "యీ ఎత్తు నీకింకా అలవాటు కాలేదు పెద్దమ్మా" అంటూనే అమ్మాయి తన కణతలు నొక్కుకుంటోంది. పిల్లవాణ్ణి లేపితే తూలుతూ లేచి వాంతి చేసుకున్నాడు. అంతలో పక్కింటి పెద్దావిడ పెరుగు తీసుకుని వచ్చింది. అక్కడ అవ్వను అబీలే అంటారు. "జూలే" అని పలకరిస్తూ గడప దాటిన మనిషి, మాట సగంలో ఆపేసి తలుపూ కిటికీలూ బార్లా తీసేసింది. పిల్లవాణ్ణి దుప్పటితో సహా చంకనేసుకుని వాకిట్లోకి నడిచింది. ఆ చలిలో యిదేం పనని మాకు కోపం కూడా వచ్చింది! వచ్చీరాని హిందీలో ఆవిడ అడిగింది ఒకటే మాట: "ముగ్గురికీ ఒకేసారి నొప్పి వచ్చిందా?"

అదీ అసలు గుర్తు. ఎత్తువల్ల వచ్చే తలనొప్పీ, సరిగా కాలని మంటనుంచి పుట్టే కార్బన్ మోనాక్సైడు వల్ల వచ్చే తలనొప్పీ ఒక్కలాగే వుంటాయి. ఎత్తు మామూలుగా కొత్తవాళ్ళను పట్టుకుంటుంది. ఏడాదిన్నరగా అక్కడే వుంటున్న అమ్మాయికి వూరికే రావలసిన పనిలేదు. యింటిల్లిపాదికీ ఒకేసారి వచ్చి, ఆరుబయటికి వెళితే తగ్గితే, ముందు కుంపటిని అనుమానించాలి. ఆ విషవాయువుకు రంగూ లేదు, వాసనా లేదు. మన రక్తంలో ప్రాణవాయువు కూర్చోవలసిన పీటమీద తను ఎక్కి, దానికంటే 200 రెట్లకు పైగా గట్టిగా అతుక్కుంటుంది. ప్రాణవాయువుకే కరువైన చోట యిదొకటి! పిల్లవాణ్ణి ఆస్పత్రికి తీసుకుపోయి ఆక్సిజన్ పెట్టించాం, మేమూ పెట్టించుకున్నాం. సాయంత్రం వాడు బిస్కెట్టు అడిగేదాకా నేను ఎవరి ముఖమూ చూడలేకపోయాను. అన్నాళ్ళూ వాళ్ళను కాపాడుతూ వచ్చింది ఆ తలుపు సందే. దాన్ని మూసింది నేను.

మర్నాడు వేరే పనివాడు వచ్చి గొట్టం విప్పాడు. లోపల వేలెడు మందాన మసి! పలచని గాలిలో నూనె ధార తగ్గించాలి, లేకపోతే సగమే కాలుతుందన్నాడు. ఒక అతుకు వదులుగా వుంటే బిగించాడు. పైన గొట్టం పొడిగించి గాలి ఎదురు కొట్టకుండా టోపీ పెట్టాడు. పదిహేను రోజులకోసారి మసి దులపమన్నాడు. కిటికీపైన అరచేయంత సందు ఎప్పుడూ తెరిచే వుండాలి, పడుకోబోయే ముందు బుఖారీ ఆర్పేయాలి, ఆపైన రజాయిలే దిక్కు. అల్లుడు తిరిగివస్తూనే విషవాయువును పసిగట్టి మోగే చిన్న యంత్రం ఒకటి తెప్పించాడు.

అబీలే యింట్లో మాత్రం రాత్రిళ్ళు మంటతో పనే లేదు. దక్షిణం వైపు లావుపాటి మట్టిగోడకు నల్లరంగు పూసి, దానికి కాస్త ఎడంగా అద్దాలు బిగించారు. పగలంతా ఎండ తాగిన గోడ రాత్రి గదిలోకి వేడి వదులుతుంది. యిలాంటి గోడకు 1881లోనే అమెరికాలో ఎడ్వర్డ్ మోర్స్ పేటెంటు పొందాడు. 1960లలో ఫ్రాన్సు కొండల్లో కట్టి చూపిన ఫెలిక్స్ ట్రాంబ్ పేరే దానికి నిలిచింది. లేహ్ దగ్గర ఫే గ్రామంలో సెక్‌మోల్ విద్యాసంస్థవారి మట్టి భవనాలు కూడా ఎండనే నమ్ముకున్నాయి. లదాఖ్‌లో చలి ఎంత వున్నా ఎండకు లోటు లేదు మరి. అద్దె యింటికి అంత గోడ ఎవరు కట్టిస్తారు? అమ్మాయి యింటాయన వెంటపడి, దక్షిణపు వరండాకు అద్దాలు మాత్రం పెట్టించుకుంది.

మొన్న ఫోను చేసింది. మధ్యాహ్నం వేళ మనవడు ఆ వరండాలో వుత్త చొక్కాతో ఆడుకుంటున్నాడట. నా చీర ముక్క గొట్టం మసి తుడవటానికి పనికివస్తోందట.