అమ్మేవారే వైద్యమూ చూడాలి



యెన్నికలు వచ్చినప్పుడల్లా తమిళనాట మద్యం దుకాణాలు తగ్గించాలా, సంపూర్ణ నిషేధం పెట్టాలా అని వాదం రేగుతుంది. ఇప్పటికే తాగుడుకు లోబడిన పెద్ద కొడుకులను ఇంట పెట్టుకొని బ్రతికే తలిదండ్రుల గోడు మాత్రం యెవరికీ వినబడదు. నేను అట్టివారిలో ఒకడిని. మెట్రిక్ చదివి, గుమాస్తాగా పనిచేసి రిటైరయినవాడిని. నా కొడుకుకు 38 యేళ్ళు. కోడలికీ, బడికి పోయే మనుమరాలికీ నా పింఛనే ఆధారం.

యీ విషయంలో మా హోసూరు తాలూకాకు ఒక చరిత్ర వున్నది. రాజాజీ 1878లో పుట్టిన తొరపల్లి మాకు దగ్గరి గ్రామమే. ఆయన ప్రభుత్వం 1937 అక్టోబరు 1న మద్యనిషేధాన్ని మొట్టమొదట పెట్టినది సేలం జిల్లాలో. అప్పుడు మా తాలూకా ఆ జిల్లాలోనిదే. పోయిన రాబడికి బదులుగా 1939లో అమ్మకపు పన్ను తెచ్చారు. 1971లో నిషేధం యెత్తివేసి, 1974లో మళ్ళీ పెట్టి, 1981లో మళ్ళీ తీశారు. 2003 నుండి చిల్లర అమ్మకం కూడా ప్రభుత్వ సంస్థ అయిన టాస్మాక్‌దే. సారాయి రాబడికి బదులుగా పుట్టిన అమ్మకపు పన్ను నేడు మద్యం మీదనే వసూలవుతున్నది! 2023-24లో ఎక్సైజు, అమ్మకపు పన్ను కలిసి ఖజానాకు చేరినది 45,000 కోట్ల రూపాయలకు పైమాటే.

దుకాణాలు మూస్తే మా ఇళ్ళు బాగుపడతాయా? కొత్తగా అలవాటు పడేవారు తగ్గవచ్చు. అలవాటు ముదిరినవాడికి మాత్రం పొలిమేర దాటితే కర్ణాటకలోని అత్తిబెలె వున్నది. చాటుమాటు సారాయి సంగతి 2024 జూన్‌లో కళ్ళకురిచ్చిలో చూశాము. 60 మందికి పైగా చనిపోయారు. కనుక దుకాణాల లెక్కతోపాటు మంచాల లెక్క కూడా అడగాలి. కేంద్ర ప్రభుత్వంవారు 2019లో ప్రకటించిన సర్వే ప్రకారం, తాగుడుకు బానిసలైన 38 మందిలో ఒక్కరికే యేదో ఒక చికిత్స అందుతున్నది. తక్కిన 37 మందికి తల్లి, తండ్రి, భార్యే వైద్యులు.

ఆ ఇంటి వైద్యం యెట్లా వుంటుందో మన కుటుంబాల వారికి తెలుసు. పెళ్ళి చేస్తే దారికి వస్తాడంటారు. పరాయి ఇంటి పిల్ల బలి అవుతుంది. అప్పులు తీరిస్తే బుద్ధి వస్తుందంటారు. కొత్త అప్పు పుడుతుంది. గోడల మీద ప్రకటనలు చూసి తెలియకుండా అన్నంలో మందు కలుపుతారు. అటువంటి కొన్ని మందులు కడుపులో వుండగా తాగితే ప్రాణానికే ముప్పు. దేవుని ముందు ప్రమాణం చేయించి ఒక్కసారిగా మాన్పిస్తారు. యేళ్ళ తరబడి రోజూ తాగినవాడు హఠాత్తుగా మానితే రెండు మూడు రోజులలో వణుకు, మూర్ఛలు, సంధి పుట్టి ప్రాణం మీదికి రావచ్చు. ఆ రోజులు డాక్టరు కనిపెట్టి చూడవలసినవి.

ఇది జబ్బు. మేము మొదట తీసుకుపోయినచోట “జబ్బు కాదు, బుద్ధి లేకపోవడం” అని పంపివేశారు. బెంగళూరులో హోసూరు రోడ్డు మీదనే వున్న నిమ్హాన్సులో దీనికి ప్రత్యేక విభాగమే వున్నది. కేంద్రంవారి ఉచిత టెలిఫోను 14446కు ఇంటివారు కూడా మాట్లాడవచ్చును.

మా ఇంట నా భార్యా నేనూ ఒక కట్టుబాటు పెట్టుకున్నాము. వాడికి అన్నం పెడతాము, చేతికి డబ్బు ఇవ్వము. మత్తులో వున్నప్పుడు వాదించము. మనుమరాలి ఫీజు నేరుగా బడిలో కడతాము. వాడు పనికి పోకపోతే వాడి తరఫున అబద్ధపు కబురు పంపము. ఆసుపత్రికి వస్తానంటే అర్ధరాత్రి అయినా బయలుదేరుతాము. రెండుసార్లు మాని రెండుసార్లు జారాడు. మూడవసారికి సిద్ధంగా వున్నాము.

ప్రభుత్వంవారికి నా మనవి గుమాస్తా లెక్క. ఆ రాబడిలో నూటికి ఒక రూపాయి అంటే 450 కోట్లు. దానితో ప్రతి తాలూకా ఆసుపత్రిలో కొన్ని మంచాలు, తర్ఫీదు పొందిన డాక్టరు, వారానికి ఒకరోజు ఇంటివారితో మాట్లాడే యేర్పాటు చేయాలి. యీ వైద్యంలో సగం మాటలే గనుక, మా వంటి సరిహద్దు తాలూకాలలో తెలుగు, కన్నడం వచ్చినవారిని నియమించాలి. ప్రతి వూరికీ సీసా చేర్చగలిగినవారికి మంచం చేర్చడం అసాధ్యం కాదు.

హోసూరు
— ఒక పింఛనుదారు