కొండమీద అరవయ్యో ఏడు

అరకు, పాడేరు మన్యంలో అరవై దాటినవాళ్ల ఆధార్ కార్డులు తీసి చూస్తే చాలావాటి మీద పుట్టిన రోజు ఒక్కటే కనిపిస్తుంది: జనవరి 1. పుట్టిన తేదీ తెలియనివాళ్లు తమ వయసు ఉజ్జాయింపుగా చెబితే, దాన్నిబట్టి సంవత్సరం లెక్కగట్టి ముందు జనవరి 1 తగిలించడం ఆధార్ నమోదులో దేశమంతటా ఉన్న పద్ధతి. మన్యంలో అది ఒక తరానికి ఉమ్మడి పుట్టినరోజైపోయింది. ఆ తెల్లవారి లేచి ఎవరూ ఎవరినీ ‘నిండు నూరేళ్లూ ఉండు’ అని దీవించరు. అసలు ఆ రోజు తమదని చాలామందికి గుర్తే ఉండదు.

అదే లోయకు చలికాలంలో మైదానం నుంచి కుటుంబాలు వస్తాయి. అమ్మ డెబ్బయ్యో పుట్టినరోజనో, నాన్న షష్టిపూర్తి అయింది కదా ఒక పూట సరదాగా గడుపుదామనో విశాఖలో పొద్దున్నే రైలెక్కుతారు. 2017లో ఈ దారిలో అద్దాల పెట్టె వచ్చాక ఆ ప్రయాణమే సగం పండగ. సొరంగం వచ్చినప్పుడల్లా మనవలు కేకలు పెడతారు. మోకాళ్లు పట్టేసిన నాయనమ్మను బొర్రా గుహల మెట్ల దగ్గర ఇద్దరు రెక్క పట్టి దింపుతారు. బొంగు చికెన్ తింటారు. సాయంత్రం రిసార్టు పచ్చికలో కేకు కోస్తారు, నెగడు చుట్టూ థింసా ఆడిస్తారు. కన్నవాళ్ల కోసం పిల్లలు ఇంత తీరిక చేసుకోవడం నిజంగా మంచి సంగతి.

అయితే ఆ థింసా వరసలో ఆడుతున్నవాళ్లలో ఒకరిద్దరికి, కుర్చీలో శాలువా కప్పుకుని కూర్చున్న ఆ పెద్దావిడ వయసే ఉండొచ్చు. వాళ్లకు అరవై ఎప్పుడు నిండిందో ఎవరూ అడిగి ఉండరు. అడగాలి. తేదీ తెలియకపోయినా వాళ్లకూ ఆ పండగ చేయాలి. మన్యంలో అది చేయడానికి కావలసినవన్నీ ఇప్పటికే ఉన్నాయి.

షష్టిపూర్తి అనే మాటనే తీసుకోండి. దాని వెనకున్నది ఆకాశం లెక్క. గురుడు సూర్యుణ్ణి చుట్టి రావడానికి సుమారు 12 ఏళ్లు, శనికి సుమారు 30 ఏళ్లు. గురుడు ఐదు చుట్లు, శని రెండు చుట్లు తిరిగేసరికి రెండూ దాదాపు మొదట ఉన్న చోటికే వస్తాయి. ప్రభవ నుంచి అక్షయ దాకా మన 60 తెలుగు సంవత్సరాల పేర్లు ఆ లెక్కతోనే నడుస్తున్నాయి. 1966–67 పరాభవ నామ సంవత్సరంలో పుట్టినవాళ్లకు 2026–27లో మళ్లీ అదే పేరు గల ఏడు వచ్చింది. తాను పుట్టిన ఏడు తిరిగి రావడాన్ని కళ్లారా చూడటమే అసలు విశేషం. పీటల మీద ఆ దంపతులకు పిల్లలు మళ్లీ పెళ్లి చేసేది అందుకే. డెబ్బైకి భీమరథ శాంతి, వెయ్యి పున్నములు చూసినవాళ్లకు సహస్ర చంద్ర దర్శనం ఉన్నాయి. వెయ్యి పున్నములంటే 80 ఏళ్లు దాటి మరో పది నెలలు. వీటిలో శాంతులకు తిథి, నక్షత్రం కావాలి గానీ, ఏడు తిరిగొచ్చిందని సంతోషించడానికి ఏ కాగితమూ అక్కర్లేదు.

ఆ ఏడును పట్టుకోవడం మన్యంలో కష్టమేమీ కాదు. కాకపోతే అడిగే తీరు తెలిసి ఉండాలి. ‘తాతా, నీకెన్నేళ్లు?’ అంటే ‘ఏటో బాబూ, నీకెంత తోస్తే అంత రాసుకో’ అనే జవాబే వస్తుంది. ‘రైలు సొరంగాలు తవ్వేటప్పటికి నువ్వు ఎంతవాడివి?’ అంటే మాత్రం ఆ ముఖం మారిపోతుంది. మందుగుండు పేలిన చప్పుడు, కొత్తగా వచ్చిన కూలీలు, తండ్రి భుజమెక్కి ఇంజను చూడటం అన్నీ బయటికొస్తాయి. బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు దించడానికి కొత్తవలస–కిరండూల్ లైను వేసింది 1960ల్లో. ఇంజను చూసి ఏడ్చిన పిల్లాడు ఇప్పుడు అరవై దాటినవాడు. అంతకు పెద్దవాళ్లు ముంచింగిపుట్టు వైపైతే జలాపుట్ ఆనకట్ట, మాచ్‌ఖండ్ కరెంటు గుర్తుచేసుకుంటారు. అక్కడ విద్యుత్ కేంద్రం మొదలైంది 1955లో. వాళ్లకన్నా చిన్నవాళ్లకు గుర్తు ‘వన్ ఆఫ్ సెవెంటీ’. గిరిజనుల భూమి గిరిజనేతరుల చేతికి పోకుండా ఆపే 1970 నాటి ఆ భూబదిలీ నిబంధన పేరు ఇంగ్లిషు రానివాళ్ల నోట కూడా అలాగే పలుకుతుంది. ఇంకా దగ్గరి గుర్తు కావాలంటే 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ కాఫీ తోటల నీడచెట్లను కూల్చిన రోజు ఉంది.

కాగితం లేకపోవడం వాళ్ల నిర్లక్ష్యమని అనుకునేవాళ్లు ఒక సంగతి గమనించాలి. జనన మరణాల నమోదును దేశమంతటా తప్పనిసరి చేసిన చట్టమే 1969లో వచ్చింది. ఈ ఏడు షష్టిపూర్తి చేసుకునేవాళ్లు ఆ చట్టం కన్నా ముందు పుట్టినవాళ్లు. మైదానంలో వాళ్ల వయసును బడి రిజిస్టరు కాపాడింది. బడి లేని కొండమీద కాపాడటానికి ఏదీ లేకపోయింది. ఆధార్‌లోని తేదీని వయసుకు రుజువుగా తీసుకోనక్కర్లేదని 2024 అక్టోబరులో సుప్రీంకోర్టు ఒక ప్రమాద పరిహారం కేసులో చెప్పి, బడి ధ్రువపత్రానికే విలువిచ్చింది. బడి గడప తొక్కనివాళ్లకు ఆ తీర్పు కూడా ఆసరా కాలేదు.

అరవై అంటే ఇక్కడ ఎంత పెద్ద సంఖ్యో కూడా చూడాలి. గిరిజన ఆరోగ్యంపై కేంద్రం వేసిన నిపుణుల సంఘం 2018లో ఇచ్చిన నివేదిక ప్రకారం దేశంలో గిరిజనుల సగటు ఆయుర్దాయం 63.9 ఏళ్లు. మిగతా జనంతో పోలిస్తే దాదాపు మూడేళ్లు తక్కువ. ఆంధ్రప్రదేశ్‌లో వృద్ధాప్య పింఛను అందరికీ 60 ఏళ్లకైతే గిరిజనులకు 50 ఏళ్లకే ఇస్తున్నారు. అది మంచి నిర్ణయం. దాని అర్థం కూడా అంతే స్పష్టం: ఇక్కడి ఒళ్లు పదేళ్లు ముందే అలిసిపోతుందని సర్కారే ఒప్పుకుంది. మలేరియా కాలాలు, రక్తహీనత, నిండు నెలల్లో డోలీ ప్రయాణం, ఎగుడు దారిలో నెత్తిమీద నీళ్ల బిందె, ఇన్ని దాటి డెబ్బయ్యో ఏట చోడి అంబలి కాచుకుంటూ కూర్చున్న అవ్వ ఎంత గట్టి మనిషో వేరే చెప్పక్కర్లేదు. ఆమెను పొయ్యి దగ్గర నుంచి లేపి, ఊరి నడుమ కూర్చోబెట్టి, అందరూ వచ్చి కాళ్లకు దండం పెట్టే రోజు ఒక్కటైనా ఉండాలి కదా.

ఇదే తూర్పు కనుమల్లో ఒక పెద్దాయన డెబ్బై ఏళ్ల పండగ గురించి తెలుగువాళ్లు తెలుసుకోవాలి. గిడుగు వెంకట రామమూర్తి శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో 1863 ఆగస్టు 29న పుట్టారు. పర్లాకిమిడిలో బడిపంతులుగా చేరిన ఆయన చుట్టుపక్కల కొండల్లోని సవరల మాటకు ఆకర్షితులయ్యారు. ఆ భాషకు అప్పటికి లిపి లేదు, వ్యాకరణం లేదు. సవర మాట తెలిసిన మనిషిని ఇంట్లో పెట్టుకుని నేర్చుకున్నారు, గూడేలు తిరిగారు, సవర పిల్లలకు బడులు పెట్టారు. ఆ తిరుగుళ్లలో పట్టుకున్న మలేరియాకు వాడిన క్వినైన్ ఆయన వినికిడిని దెబ్బతీసింది.

1933లో ఆయనకు డెబ్బై నిండితే మిత్రులు, శిష్యులు, పండితులు కలిసి తలా ఒక వ్యాసం రాసి, ‘వ్యాససంగ్రహము’ అని ఒక సంపుటం కూర్చి ఆయన చేతుల్లో పెట్టారు. ఆయన ఏ పని మీద బతికారో ఆ పనినే కానుకగా కట్టి ఇచ్చారన్నమాట. శాలువా కన్నా అది వెయ్యి రెట్లు మేలైన కానుక. ఆయన సవర వ్యాకరణం అచ్చయింది 1931లో, నిఘంటువు 1938లో. అంటే ఆ పుట్టినరోజుకు అటూ ఇటూ ఆయన పని సాగుతూనే ఉంది. 1936లో పర్లాకిమిడి ఒడిశాలో కలిసినప్పుడు 73వ ఏట అన్నేళ్ల ఊరు వదిలి రాజమండ్రి చేరారు. 1940లో కన్నుమూశారు. ఆయన పుట్టినరోజే ఇప్పుడు తెలుగు భాషా దినోత్సవం. ఆ రోజున మన్యం బడుల్లోనూ పిల్లలు ఆయన బొమ్మకు దండ వేస్తారు. ఆ పిల్లల్లో ఎందరో ఇంట్లో కువి, గదబ, ఆదివాసీ ఒడియా, సవర మాట్లాడేవాళ్లు. వాళ్ల తాతమ్మల పుట్టిన ఏడు మాత్రం ఎక్కడా రాసి ఉండదు.

గిడుగు గారి పండగలో ఇంకో సంగతి కూడా ఉంది. అక్కడ చేరినవాళ్లు ఆయన మనుషులు. ఇప్పటి పెద్దల పుట్టినరోజుల్లో పిలుపుల జాబితా పిల్లలే రాస్తున్నారు. కొడుకు ఆఫీసువాళ్లు, కోడలి స్నేహితులు, అపార్ట్‌మెంటు సంఘం వస్తారు. ఆ పెద్దాయనతో చెరువులో ఈత కొట్టినవాడు, ఆవిడతో కలిసి బీడీలు చుట్టిన ఆవిడ ఆ ఫొటోల్లో ఉండరు. బస్సెక్కించి తీసుకొచ్చేవాళ్లు లేకనో, గుర్తు చేసేవాళ్లు లేకనో మిగిలిపోతారు. అరకులో గది బుక్ చేసే ముందు అమ్మ చేతికో తెల్లకాగితం ఇచ్చి ‘నీకెవరు రావాలో నువ్వే చెప్పు’ అని అడిగితే, ఆ కాగితం మీద పిల్లలు ఎన్నడూ వినని పేర్లు నాలుగైనా పడతాయి.

ఉత్తరాంధ్రలో దీనికి చక్కని మాటుంది: నేస్తరికం. ఇద్దరు నేస్తం కట్టారంటే రెండిళ్లూ చుట్టాలైపోయినట్టే. కులం వేరైనా తెగ వేరైనా సరే, పండక్కి రాకపోకలు, పెళ్లికి సారె, చావుకు కన్నీళ్లు అన్నీ ఉంటాయి. కొండల్లో ఈ బంధం మరీ గట్టిది. కొరాపుట్ వైపు గదబల్లో తెగ దాటి కట్టే ఇలాంటి నేస్తాలు తరాల పాటు నడుస్తాయని అక్కడికి వెళ్లి అధ్యయనం చేసినవాళ్లు రాశారు. వయసుమళ్లినవాళ్లకు ఇంతకన్నా మంచి అతిథులు ఎవరుంటారు?

ఒక్కొక్కరికీ తేదీ దొరకదంటే ఊరందరికీ కలిపి ఒక రోజు పెట్టుకోవచ్చు. జపాన్‌లో హ్యోగో ప్రాంతపు చిన్న ఊరొకటి 1947లో ఆ పనే చేసింది. పొలం పనులు కాస్త తెరిపిచ్చే సెప్టెంబరు నడుమ ఒక రోజు చూసుకుని ఊళ్లోని పెద్దలనందరినీ పిలిచి విందు పెట్టింది. పక్క ఊళ్లు చూసి నేర్చుకున్నాయి. 1966 నాటికి అది జాతీయ సెలవు దినమైంది. అందరికీ ఒకే పుట్టినరోజు ఉండటం కూడా వింతేమీ కాదు. దక్షిణ కొరియాలో మొన్న 2023 జూన్‌లో చట్టం మార్చేదాకా మామూలు వాడుకలో అందరికీ జనవరి 1నే ఒక ఏడు పెరిగేది. ఆధార్ యంత్రం మన్యానికి అంటగట్టిన ఆ తేదీనే ఒక దేశం సంతోషంగా పాటించిందన్నమాట.

మన్యానికి జనవరి 1 కూడా అక్కర్లేదు. అక్కడి క్యాలెండరు అక్కడే ఉంది. కొర్రకొత్త, సామకొత్త, చిక్కుడు కొత్త, మామిడి కొత్త అంటూ ఏ పంటైనా ముందు పెద్దలకు పెట్టి తర్వాతే నోట పెట్టే కొత్తల పండగలున్నాయి. చైత్రంలో ఇటుకల పండగ ఉంది. పోయిన పెద్దలకు పెట్టే ఆ రోజుల్లో ఒకదాని మర్నాడు, ఉన్న పెద్దల పేరిట ఊరు కూర్చోవచ్చు. పేర్లు వెతకనక్కర్లేదు, పింఛను జాబితా సచివాలయంలో ఉంది. ఖర్చు పెద్దదేమీ కాదు: సామన్నం, మేక మాంసం, అడ్డాకు విస్తళ్లు, జీలుగు కల్లు. తుడుము, డప్పు, మోరీ ఊళ్లోనే ఉంటాయి. టిక్కెట్టు కొన్నవాళ్ల కోసం అరగంటలో ముగించే థింసా ఆ రాత్రి దానంతటది ఆగేదాకా సాగుతుంది.

ఆ పగలు బడి పిల్లలకూ ఒక పని ఉంటుంది. తాతల, అవ్వల పక్కన కూర్చుని, ఏ గుర్తు నాటికి ఎంతవాళ్లో అడిగి రాసుకోవడం. ఎలాగూ 2027 ఫిబ్రవరిలో జనగణనవాళ్లు ఆ గుమ్మాల ముందుకొచ్చి వయసు అడుగుతారు. మన లెక్కల్లో పెద్దల వయసులు 60, 65, 70 దగ్గరే గుట్టలు పడుతుంటాయి, తెలియనివాళ్లు సున్నాతోనో ఐదుతోనో ముగిసే సంఖ్య చెబుతారు కాబట్టి. పిల్లలు రాసిన నోటుపుస్తకం ఒకటి ఊళ్లో ఉంటే ఆ అంకె నిజానికి దగ్గరగా పడుతుంది. పింఛను వయసొచ్చినా కార్డులో చిన్నగా పడినందుకు తిరుగుతున్నవాళ్లు కూడా బయటపడతారు.

దారి లేని గూడేల సంగతేమిటని ఎవరైనా అడగొచ్చు. నడవలేని నేస్తం అవతలి కొండమీద ఉంటాడు, నాలుగేళ్లుగా ఇద్దరూ కలుసుకుని ఉండరు. మన్యంలో రెండు కొసలా కర్రకు దుప్పటి కట్టి డోలీ ఎత్తారంటే ఇంతవరకూ అది ఆస్పత్రికో, ఆస్పత్రి నుంచి శవంతోనో. ఆ పండగ తెల్లవారుజామున ఇద్దరు కుర్రాళ్లు అదే డోలీ భుజాన వేసుకుని అవతలి కొండెక్కి, ఆ తాతను కూర్చోబెట్టుకుని, పొద్దెక్కేలోగా విందుకు దించుకురావచ్చు.